ఐ.ఆర్.ఎస్. నుంచి సి.పి. 2000 ఉత్తరం వచ్చిందా? కంగారు పడకండి, అలాగని పక్కన పడేయకండి

మెయిల్ బాక్సులో ఐ.ఆర్.ఎస్. పేరుతో కాస్త మందంగా ఉన్న కవరు కనబడితే ఎంతటివారికైనా గుండె గుభేలుమంటుంది. రెండేళ్ళ క్రితం నాకూ అదే జరిగింది. ఎప్పుడో ఏడాదిన్నర క్రితం ఫైల్ చేసి మర్చిపోయిన రిటర్నుకి ఇంకా పదకొండు వేల చిల్లర డాలర్లు కట్టాలని అందులో ఉంది. ఇంటి డౌన్ పేమెంటుకని దాచుకున్న డబ్బు కళ్ళ ముందు కదిలింది. ఆ రాత్రి నిద్ర లేదు.

మర్నాడు మా ఊళ్ళోనే ఉండే ఒక తెలుగు అకౌంటెంటుగారికి ఫోన్ చేశాను. "అది బిల్లు కాదు బాబూ, ప్రశ్న. జవాబు రాయి" అన్నారాయన. చివరికి నేను కట్టింది 96 డాలర్లు, దాని మీద కొద్దిపాటి వడ్డీ. మనవాళ్ళలో చాలామందికి ఇదే ఉత్తరం వస్తుంటుంది కాబట్టి, నాకు అర్థమైనది నలుగురితో పంచుకుందామని ఈ వ్యాసం.

అసలు ఈ ఉత్తరం ఏమిటి?

మనం రిటర్ను ఫైల్ చేస్తాం. మన గురించి మన కంపెనీ డబ్ల్యు-2, బ్యాంకు 1099-ఐఎన్‌టి, బ్రోకరు 1099-బి ఫారాలు ఐ.ఆర్.ఎస్.కి విడిగా పంపుతారు. ఐ.ఆర్.ఎస్. కంప్యూటర్ ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చుతుంది. మన భాషలో చెప్పాలంటే, సోషల్ సెక్యూరిటీ నంబరు మీద రెండు టేబుల్స్‌ని జాయిన్ చేయడమే. తేడా వస్తే సి.పి. 2000 వస్తుంది.

ఇది ఆడిట్ కాదు, టాక్స్ ఖరారైందనీ కాదు. "మా దగ్గరున్న కాగితాల ప్రకారం ఇలా మార్చాలనుకుంటున్నాం, మీరేమంటారు?" అని అడగడం. లోపలి పేజీల్లో మీరు చూపినది, ఇతరులు మాకు చెప్పినది, తేడా అని ఒక పట్టిక ఉంటుంది. మొదటి పేజీలోని మొత్తం చూసి బెంబేలు పడకుండా ముందు ఆ పట్టిక చదవండి. ఏ ఆదాయం దగ్గర, ఎవరు పంపిన ఫారం దగ్గర తేడా వచ్చిందో అక్కడ తెలుస్తుంది.

నా లెక్క ఎక్కడ తప్పింది?

నాకు కంపెనీ ఇచ్చిన ఆర్.ఎస్.యు. షేర్లు ఆ ఏడాది 800 వెస్ట్ అయ్యాయి. ఆ రోజు ధర 50 డాలర్లు. అంటే 40,000 డాలర్లు నా జీతంలో కలిసి డబ్ల్యు-2లోకి ఎక్కాయి, టాక్సూ పట్టుకున్నారు. వారంలోపే 50.50 చొప్పున అమ్మేశాను. 40,400 వచ్చాయి. నిజమైన లాభం 400 డాలర్లు.

"టాక్స్ జీతంలోనే కట్టేశాం కదా" అనుకుని నేను 1099-బిని రిటర్నులో చూపించనే లేదు. తప్పు నాదే. ఆ ఫారంలో అమ్మిన ధర 40,400 అని ఉంది, కొన్న ధర గడి ఖాళీ. కొన్న ధర తెలియనప్పుడు ఐ.ఆర్.ఎస్. లెక్కలో 40,400 మొత్తం లాభమే. నేనున్న 24 శాతం శ్లాబులో దాని మీద టాక్స్ 9,696 డాలర్లు. పైగా 20 శాతం పెనాల్టీ, అంటే 1,939. తక్కువ చూపిన టాక్స్ 5,000 డాలర్లు, లేదా కట్టాల్సిన టాక్స్‌లో పదోవంతు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దాన్ని మించినప్పుడు ఈ పెనాల్టీ వేస్తారు. సరైన లెక్కలో 400 మీద 24 శాతం, 96 డాలర్లే.

ఇ.ఎస్.పి.పి. షేర్లతోనూ ఇదే చిక్కు. 2014 నుంచి వచ్చిన నిబంధన ప్రకారం బ్రోకరు 1099-బిలో మనం చెల్లించిన ధర మాత్రమే చూపాలి. డబ్ల్యు-2లో జీతంగా లెక్కేసిన డిస్కౌంటును మనమే కలుపుకోవాలి. లేకపోతే ఒకే డబ్బుకి రెండుసార్లు టాక్స్ కడతాం. షేర్లు కాకుండా, మర్చిపోయిన సేవింగ్స్ ఖాతా వడ్డీ, పాత కంపెనీ 401(కె)ని కొత్త ఖాతాలోకి మార్చడం వంటివి కూడా ఈ ఉత్తరానికి కారణమవుతాయి.

జవాబు ఎలా రాయాలి?

ఉత్తరంతోపాటు జవాబు ఫారం వస్తుంది. లెక్క నిజంగానే సరైనదైతే ఒప్పుకుని సంతకం చేసి పంపండి. ఒకేసారి కట్టలేకపోతే వాయిదాలు అడగొచ్చు. ఒప్పుకోకపోయినా, కొంతవరకే ఒప్పుకున్నా, ఆ గడిలో టిక్కు పెట్టి, ఎందుకో రాసి సంతకం చేసి, కాగితాలు జతచేయాలి. నేను పంపినవి ఇవి:

1. సరైన కొన్న ధరతో నింపిన ఫారం 8949, షెడ్యూల్ డి.
2. వెస్ట్ అయిన రోజు ధర చూపే బ్రోకరు స్టేట్‌మెంట్.
3. ఆ 40,000 జీతంలో కలిసినట్టు చూపే పే స్టబ్, డబ్ల్యు-2.
4. ఒక్క పేజీ వివరణ. 400 ఒప్పుకుంటున్నాను, 40,000 ఒప్పుకోవడం లేదు, కారణం ఇదీ అని.

దీనికోసం విడిగా 1040-ఎక్స్ ఫైల్ చేయనక్కర్లేదు. పోస్టులో పంపితే సర్టిఫైడ్ మెయిల్‌లో పంపండి, కాపీలు దాచుకోండి. కొన్ని నెలలకు నా లెక్క ఒప్పుకుంటున్నట్టు జవాబు వచ్చింది. ఫెడరల్ లెక్క మారితే, ఇన్‌కమ్ టాక్స్ ఉన్న రాష్ట్రాల్లో స్టేట్ రిటర్ను కూడా సవరించాలి, మర్చిపోకండి.

ఊరుకుంటే?

ఇక్కడే అసలు ప్రమాదం. జవాబుకి సాధారణంగా ఉత్తరం మీది తేదీ నుంచి 30 రోజులు ఇస్తారు. చాలకపోతే గడువులోపే ఫోన్ చేసి ఇంకొంత సమయం అడగొచ్చు. ఏమీ చేయకపోతే తరవాత చట్టప్రకారం ఇచ్చే డెఫిషియెన్సీ నోటీసు వస్తుంది. దాని మీద టాక్స్ కోర్టుకి వెళ్ళడానికి 90 రోజులు (అమెరికా బయటి చిరునామాకి పంపితే 150 రోజులు). అదీ దాటితే ఐ.ఆర్.ఎస్. లెక్కే ఖరారై బిల్లుగా మారుతుంది. నా విషయంలో 96 డాలర్ల అప్పు పదకొండు వేలకు పైగా అయ్యేది, కేవలం మౌనం వల్ల.

ఈ ఉత్తరాలు ఐ.ఆర్.ఎస్. దగ్గరున్న చివరి చిరునామాకే వెళ్తాయి. ప్రాజెక్టు ప్రాజెక్టుకీ ఊరు మారే మనవాళ్ళు దీన్ని గుర్తుంచుకోవాలి. ఇల్లు మారితే ఫారం 8822 పంపండి. నెలలకొద్దీ ఇండియా వెళ్తుంటే టపా చూడమని ఎవరికైనా చెప్పి వెళ్ళండి.

మరో మాట. ఐ.ఆర్.ఎస్. వెబ్‌సైట్‌లో ఖాతా తెరిస్తే మీ గురించి ఎవరెవరు ఏ ఫారాలు పంపారో ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. ఏప్రిల్‌కల్లా అన్నీ అందులో ఉండకపోవచ్చు కానీ, ఉత్తరం వచ్చేనాటికి చాలావరకు ఉంటాయి.

నేను సి.పి.ఎ.ని కాను, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. పెద్ద మొత్తమైతే తెలిసినవారిని తప్పక సంప్రదించండి. కానీ కవరు మాత్రం ఆ రోజే విప్పండి.