4.3 బడి గోడ మీది భాష

అంబర్‌పేటలో ఏదైనా ప్రభుత్వ పాఠశాల గేటు ముందు నిలబడి బోర్డు చూడండి. పేరు ఎన్ని భాషల్లో ఉంది? ఏ భాష పైన ఉంది? ఏ అక్షరాలు పెద్దవి?

బహిరంగ స్థలాల్లోని రాతలు రెండు పనులు చేస్తాయని లాండ్రీ, బూర్హిస్ అనే పరిశోధకులు 1997లో వివరించారు. మొదటిది సమాచారం ఇవ్వడం. రెండోది ఆ భాషకు సమాజంలో ఉన్న స్థానాన్ని సూచించడం. ఇది బడికీ వర్తిస్తుంది.

తెలంగాణలో 2017 చట్ట సవరణతో ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష అయింది. భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన సౌకర్యాలు కల్పించేందుకు ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతోంది. అయితే చట్టంలో ఉండటం వేరు, గోడ మీద కనబడటం వేరు. ఉర్దూ నామఫలకానికే పరిమితమై, పరీక్షల నోటీసు, మధ్యాహ్న భోజన పట్టిక తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉన్నాయనుకోండి. అప్పుడు ఆ భాషకు గౌరవం దక్కింది గాని ఉపయోగం దక్కలేదు. ఉర్దూ మాత్రమే చదవగల తల్లికి ఆ నోటీసును పిల్లలే చదివి చెప్పాలి. తరగతి గదిలో పిల్లల చార్టులు ఉర్దూలో ఉండి, గేటు మీద ఆ భాష లేకపోతే పరిస్థితి తారుమారవుతుంది: ఉపయోగం ఉంది, గుర్తింపు లేదు.

అభ్యాసం: మీకు దగ్గరలోని బడిలో అనుమతి తీసుకుని పది రాతలను పరిశీలించండి. ప్రతిదీ ఎక్కడుంది, ఏ భాషలో ఉంది, ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు అన్నవి పట్టికగా నమోదు చేయండి.