అనాథ బాలుని కాలయాత్ర

తలిదండ్రులారా! కథల పుస్తకములు చదువునకు ఆటంకమని కొందరు తలంతురు. 1909లో ఆంగ్ల రచయిత్రి ఈడిత్ నెస్బిట్ వ్రాసిన ‘హార్డింగ్స్ లక్’ అను బాలల నవల ఆ తలంపును మార్పగలదు.

డికీ హార్డింగ్ లండనునందలి డెట్‌ఫర్డ్ పేటలో పెరుగుచున్న అనాథ, కుంటివాడు. ఒక మంత్రప్రభావమున నాతడు సుమారు 300 ఏండ్లు వెనుకకు, మొదటి జేమ్సు రాజు కాలమునకు పోవును. అచ్చట నాతడు గొప్పయింటి బిడ్డ, కాళ్లు చక్కనివి, ఆదరించువారు కలరు. కొయ్యచెక్కడపు పనియు నేర్చుకొనును.

అచ్చటనే సుఖముగా నుండవచ్చును. కాని తన్ను నమ్ముకొన్న దేశదిమ్మరి బీల్ జ్ఞప్తికి వచ్చి, కుంటికాలికిని పేదరికమునకును మరలివచ్చును. నేర్చిన పనితో సంపాదించి, బీల్‌ను నీతిగా బ్రతుకునట్లు చేయును. గతము దాగుకొనుటకు గాదు, నేర్చుకొనుటకని యిందలి భావము.

అయినను కథ అంతటితో ముగియదు. ఆర్డెన్ వంశపు ఆస్తి తనకే చెందవలసినదని తెలిసియు, డికీ దానిని బంధువులకు విడిచి, తుదకు గతమునకే పోవును. ఇది త్యాగమా, పలాయనమా?

ఈ కథను ఇంటిలో తెలుగున చెప్పి, ఈ ప్రశ్నను మీ బిడ్డల నడుగుడు. వారి మాటలను తొందరపడక వినుడు. మాతృభాషలో ఆలోచించుట అట్లే అలవడును.