లాకీషు దిబ్బ చెప్పే కథ

ఎక్కే దారిలో ఓ రాళ్లగుట్ట. పైన విరిగిన గోడలు. యెరూషలేముకు నైరుతిగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ దిబ్బే బైబిల్లోని లాకీషు. ఒకప్పుడు యూదా రాజ్యంలో యెరూషలేము తర్వాత అంతటి కోట!

ఆ రాళ్లగుట్ట దానంతటదే ఏర్పడింది కాదు. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు సైన్యం కోటగోడ ఎక్కడానికి పోసిన వాలుదారి అది. లోపలివాళ్లూ ఊరుకోలేదు. గోడకు ఇవతల ఎదురుగా మరో గుట్ట పోశారు. అయినా కోట దక్కలేదు. సన్హెరీబు ఆ గెలుపును నీనెవెలోని తన రాజభవనం గోడలకు శిల్పాలుగా చెక్కించుకున్నాడు. పిల్లాపాపలతో, ఎడ్లబండ్లతో ఊరొదిలిపోతున్న జనాన్ని లండన్‌లోని బ్రిటిష్‌ మ్యూజియంలో ఇప్పటికీ చూడొచ్చు.

ఓడినా లాకీషు మళ్లీ లేచింది. వందేళ్లు దాటాక బబులోను రాజు నెబుకద్నెజరు సేనలు దాన్ని కాల్చేశాయి. 1935లో బ్రిటిష్‌ పురావస్తు నిపుణుడు స్టార్కీ బృందానికి కోట ద్వారం పక్కగదిలో, ఆ బూడిదలోనే సిరాతో రాసిన కుండపెంకులు దొరికాయి. అవి ఉత్తరాలు! లాకీషు సంకేతాల కోసం కనిపెట్టుకుని ఉన్నామనీ, అజేకా మాత్రం కనిపించడం లేదనీ ఒక పెంకు మీద ఉంది. చివరిదాకా నిలిచిన ప్రాకార పట్టణాలు ఈ రెండేనని యిర్మీయా గ్రంథం చెబుతుంది.

రాజు గెలుపును రాతి పలకలపై చెక్కించుకున్నాడు. కాపలావాడి ఆదుర్దా కుండపెంకు మీద మిగిలింది. లాకీషు ద్వారం దగ్గర నిలబడితే ముందు గుర్తొచ్చేది ఆ పెంకే.