జీబ్రా చేపకు చారలు గీసిందెవరు?

పదో తరగతి బయాలజీలో అనువంశికత పాఠం చదివాక పిల్లలకు ఒక సందేహం రావచ్చు: శరీరం మీది చారలు, చుక్కలు జన్యువుల్లో ముందే బొమ్మలా గీసి ఉంటాయా? దీనికి చక్కటి జవాబు అక్వేరియం షాపుల్లో దొరికే జీబ్రా చేప.

ఇది మన ఉపఖండానికి చెందిన చేపే. వాగుల్లో, వరి పొలాల నీళ్లలో తిరుగుతుంది. దీని గుడ్లు తల్లి శరీరం బయట, పారదర్శకంగా ఎదుగుతాయి. లోపల జరిగేదంతా మైక్రోస్కోపులో కనిపిస్తుంది. అందుకే ప్రపంచమంతటా ల్యాబుల్లో దీన్ని పెంచుతారు.

కణాల మధ్య సంభాషణ

ఈ చేప చర్మంలో నల్లవి, పసుపువి, వెండిలా మెరిసేవి అని మూడు రకాల రంగు కణాలు ఉంటాయి. పెద్ద చేపకుండే చారలు పుట్టుకతో రావు. సుమారు మూడు వారాల వయసు నుంచి ఏర్పడతాయి. పసుపు కణం తాకితే నల్ల కణం పక్కకు జరుగుతుంది. ఇలా సర్దుకుంటూ పోతే ముదురు చార, లేత చార విడిపోతాయి. అంటే జన్యువులు ఇచ్చేది బొమ్మ కాదు, కణాలు పాటించే నియమాలు.

పక్కపక్క కణాలను కలిపే సన్నని దారులను తయారుచేసే జన్యువు ఒకటుంది. అందులో మార్పు వస్తే చారలు తెగి చుక్కలవుతాయి. అలాంటి 'లెపర్డ్' చేపను ఒకప్పుడు వేరే జాతి అనుకున్నారు!

మన చర్మం రంగు కూడా

'గోల్డెన్' అనే మరో రకం చేపలో చారలు వెలిసినట్టుంటాయి. దానికి కారణమైన జన్యువును 2005లో గుర్తించారు. అదే జన్యువు మనుషుల్లోనూ ఉంది. మానవ జన్యు సందేశాన్ని ఎక్కించినప్పుడు ఆ చేపపిల్లల్లో ముదురు రంగు తిరిగొచ్చింది. ఈ జన్యువులో ఒకే ఒక్క అక్షరం తేడా భారతీయుల చర్మం రంగులో వ్యత్యాసానికి ఒక కారణమని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న అధ్యయనం 2013లో చూపింది.

తల్లిదండ్రులకు ఒక మాట

"అక్క తెల్లగా ఉంది, వీడేంటి ఇలా?" అని చుట్టాలు అనే మాట పిల్లల మనసులో చాలాకాలం ఉండిపోతుంది. ఈసారి అలాంటి మాట వినిపిస్తే, పిల్లల ముందే ఈ చేప సంగతి చెప్పండి. రంగులో తేడాకు ఒక్క అక్షరం మార్పు కూడా కారణం కావచ్చు. తెలివికీ, గుణానికీ దానితో సంబంధం లేదు.

ఈ ఆదివారం వీలైతే పిల్లలను అక్వేరియం షాపుకు తీసుకెళ్లండి. చారల చేపను, చుక్కల చేపను పక్కపక్కన చూపించి, తేడా ఎందుకొచ్చిందో వాళ్లనే చెప్పమనండి.