ఒక షీప్... వంద షీప్!

పొద్దుగూకే వేళ పాలకీడు దారిలో బస్సు ఆగిందంటే చాలాసార్లు కారణం ఒకటే... ఎదురుగా గొర్ల మంద! డ్రైవరు హారన్ మోగిస్తాడు, కాపరి కర్ర ఊపుతూ అదిలిస్తాడు, మంద మాత్రం తన తీరికన తాను రోడ్డు దాటుతుంది. కిటికీ పక్కన కూర్చున్న పిల్లాడు వాటిని లెక్కబెడతాడు. మర్నాడు బడిలో 'ఐ సా ఫిఫ్టీ షీప్స్' అని రాస్తాడు. చివరి 'ఎస్' మీద ఎర్రసిరా గీత పడుతుంది.

వాడి తప్పేముంది చెప్పండి? డాగ్ అయితే డాగ్స్, కౌ అయితే కౌస్. అదే మందలో పక్కనే నడిచే మేకకు గోట్స్ అని 'ఎస్' తగిలించి, గొర్రెకు మాత్రం లేదంటే ఏం న్యాయం? అడిగితే 'అది ఎక్సెప్షన్, బట్టీ పట్టు' అంటారు. నేనూ అలా బట్టీ పట్టినవాడినే. పాతికేళ్లు దాటాకగానీ దాని వెనక ఓ కథ ఉందని తెలియలేదు.

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో బహువచనానికి 'ఎస్' ఒక్కటే దారి కాదు. పదాలకు మూడు లింగాలుండేవి. నపుంసక లింగంలో ఒక తరగతి పదాలకు బహువచనంలో ఏ ప్రత్యయమూ చేరేది కాదు. గొర్రె అందులోదే. జింకను చెప్పే డీర్ కూడా అంతే. ఆశ్చర్యమేమిటంటే గుర్రం, ఇల్లు కూడా ఆ జట్టులోవే! కాలం గడిచేకొద్దీ హార్స్, హౌస్ లాంటివి లోకరీతికి లొంగి 'ఎస్' తగిలించుకున్నాయి. గొర్రె లొంగలేదు. గొర్రెదాటు అని మనం ఎగతాళి చేస్తాం గానీ, ఇంగ్లీషులో అందరి వెంటా పోనిది ఆ గొర్రే! ఒక్కొక్కటిగా కాక మందగా చూసే జంతువులు, వేటాడే జంతువుల విషయంలో పాత పద్ధతి నిలిచిపోయిందని భాషా చరిత్ర చదివినవాళ్లు అంటారు. చేప కథ ఇంకో రకం. ఫిష్‌కి పూర్వం బహువచన ప్రత్యయం ఉండేది, తర్వాత జారిపోయింది. ఇప్పుడు పది చేపలైనా ఫిష్షే. రకరకాల జాతుల గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ఫిషెస్ అంటారు.

మరి ఒకటో, వందో తెలిసేదెలా? పక్క మాటల్ని బట్టి. 'దిస్ షీప్ ఈజ్' అంటే ఒకటి, 'దీజ్ షీప్ ఆర్' అంటే మంద. వాజ్, వర్ కూడా అంతే. ముందు 'ఎ' ఉంటే ఒకటే. చిక్కల్లా క్రియ కూడా నోరు మెదపని చోట వస్తుంది. 'మై షీప్ డైడ్' అని రాస్తే ఒక గొర్రె చచ్చిందా, మందంతా పోయిందా? వాక్యం చెప్పదు. పిడుగు పడి జీవాలు పోయిన కాపరి కొడుకు నష్టపరిహారం కోసం అర్జీ రాస్తున్నాడనుకోండి... ఆ ఒక్క వాక్యంలో ఇంటి బతుకుంది. అక్కడ 'టెన్ ఆఫ్ మై షీప్ డైడ్' అని లెక్క చెప్పి తీరాలి. 'ఎస్' పెట్టకూడదన్నంత వరకే చెప్పి ఊరుకుంటే, ఆ పిల్లాడికి సగం వ్యాకరణమే ఇచ్చినట్టు. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటో తరగతి మొదలు ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఇంట్లో 'గొర్లు' అనే పిల్లలే అక్కడ 'షీప్' దగ్గర తడబడేది.

అన్నట్టు, ఈ తిరకాసు మనకు కొత్తేమీ కాదు. 'జనం' అన్న మాట చూడండి. రెండేళ్లకోసారి సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టుకు లింగమంతుల జాతరకు లక్షల్లో జనం వస్తారు. 'జనం వచ్చారు' అంటాం. 'లు' లేదు, క్రియ మాత్రం బహువచనం. అచ్చం షీప్ లాగే! ఎవరైనా 'జనాలు' అంటే పెద్దలు ముఖం చిట్లిస్తారు, అదీ 'షీప్స్' లాగే. పాలు, నీళ్లు తీరు దీనికి తలకిందులు. గ్లాసెడున్నా బహువచనమే. తెలుగు నేర్చుకునే ఇంగ్లీషువాడికి ఇంకో గుంట కూడా ఉంది. గొర్రె వచ్చింది, అమ్మాయి వచ్చింది... క్రియ ఒకటే! బహువచనంలోకి రాగానే గొర్రెలు వచ్చాయి, అమ్మాయిలు వచ్చారు. ఇదెందుకని వాడు అడిగితే మనమూ 'బట్టీ పట్టు' అనేవాళ్లమేనేమో.

గొర్రె ఇంట్లోనూ అందరూ షీప్ లాంటివాళ్లు కారు. పిల్ల అయితే ల్యాంబ్, పొట్టేలు అయితే ర్యామ్, ఆడ గొర్రె అయితే యూ. మూడింటికీ బహువచనంలో 'ఎస్' మామూలుగా చేరుతుంది. 2017లో గొర్రెల పంపిణీ మొదలైనప్పుడు ఒక్కో యూనిట్‌కు 20 ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు అన్నారు. అంటే 20 యూస్, ఒక ర్యామ్, మొత్తం 21 షీప్. ఆ ఆడ గొర్రె మాటకు ఇ, డబ్ల్యు, ఇ అని మూడు అక్షరాలు. చూసి చదివితే ఏదో అనిపిస్తుంది, పలికేది మాత్రం 'యూ' అనే. మటన్ అన్నది ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. ఇంగ్లండులో అది గొర్రె మాంసమే, మన దగ్గర మేకదైనా మటనే.

ఇక కాపరి. షీప్, హెర్డ్ కలిస్తే షెపర్డ్, అంటే గొర్ల కాపరే. పి, హెచ్ పక్కపక్కన కనబడగానే పిల్లలు 'షెఫర్డ్' అని చదివేస్తారు. అలా కాదు, ఆ పి గొర్రెది, హెచ్ కాపరిది.