సాయంకాలపు బడి

కర్ణాటక రాష్ట్రంలోని చిక్కబళ్ళాపురం జిల్లా 2007వ సంవత్సరంలో కోలారు జిల్లా నుండి వేరుపడి ఏర్పడింది. ఈ జిల్లాలోని గౌరిబిదనూరు, బాగేపల్లి, చింతామణి తాలూకాలు తెలుగు దేశపు సరిహద్దు వైపున ఉన్నాయి. గౌరిబిదనూరులో రైలెక్కితే కొద్దిసేపటికే హిందూపురం వస్తుంది. ఇక్కడ ఎన్నో కుటుంబాలవారు ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటారు. సంతలో రెండు భాషలూ వినిపిస్తాయి. చాలామంది పిల్లలు బడిలో మాత్రం కన్నడంలోనే పాఠాలు చదువుకుంటారు.

ఇది వర్షాధారమైన ప్రాంతం. రాగి, వేరుశనగ, మొక్కజొన్న పండిస్తారు. నీటి వసతి ఉన్నవారు మల్బరీ తోటలు వేసి పట్టుపురుగులను పెంచుతారు. భూమి లేనివారు కూలికి పోతారు. సాయంకాలం బడిగంట మోగగానే కూలివారి పిల్లలకు మరొక పని మొదలవుతుంది. చెల్లెలిని ఎత్తుకోవాలి, నీళ్ళు తేవాలి, మేకలను తోలుకురావాలి. పట్టుపురుగులు పెంచే ఇంట్లో నాలుగో జ్వరం నుండి లేచిన పురుగులకు ఎంత ఆకు వేసినా చాలదు. ఆ వారం రోజులూ ఇంటిల్లిపాదికీ తీరిక ఉండదు.

చదువుకున్న తల్లిదండ్రులు ఉన్న పిల్లవానికి ఇల్లే రెండవ బడి. వాడికి లెక్క రాకపోతే తండ్రి చెబుతాడు, పాఠం అర్థం కాకపోతే తల్లి వివరిస్తుంది, లేదా డబ్బిచ్చి ట్యూషనుకు పంపుతారు. కూలి చేసే తల్లి తన బిడ్డ పుస్తకం తెరిచి చూసినా అందులో ఏముందో ఆమెకు తెలియదు. ఇద్దరు పిల్లలూ ఒకే బడిలో, ఒకే తరగతిలో, ఒకే ఉపాధ్యాయుని ఎదుట కూర్చున్నవారే. అయినా అయిదవ తరగతికి వచ్చేసరికి ఒకడు పాఠం చదువుతాడు, మరొకడు అక్షరాలు కూడబలుక్కుంటాడు. ఈ తేడా చాలావరకు సాయంకాలం నాలుగున్నర తరువాత ఏర్పడినదే. ఆ లోటు తీర్చడానికి ఊరివారు తామే పూనుకొని, గుడి అరుగు మీదనో, పంచాయతీ కట్టడంలోనో, ఎవరి పంచలోనో పిల్లలను చేర్చి చదివించే ఏర్పాటునే సాయంకాలపు బడి అంటారు.

పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు చదువు చెప్పించడం ఈ సీమకు కొత్తది కాదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన ఏలుబడిలోని జిల్లాలలో ఎన్ని బడులు ఉన్నాయో లెక్క పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ 1823లో తన నివేదిక పంపాడు. ఇప్పటి హిందూపురం, అనంతపురం అప్పుడు బళ్ళారి జిల్లాలోనివే. ఆ జిల్లాలో 533 బడులు ఉన్నాయనీ, వాటిలో 6,641 మంది పిల్లలు చదువుతున్నారనీ ఆయన వ్రాశాడు. కన్నడం చెప్పే బడులూ తెలుగు చెప్పే బడులూ దాదాపు సరిసమానంగా ఉండేవి. హిందువుల ఆడపిల్లలు మాత్రం 60 మందే. ఆ వీధిబడులలో పిల్లలు మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. ముందు నేర్చుకున్నవారు వెనుకనున్నవారికి నేర్పేవారు. ఈ పద్ధతిని క్యాంబెల్ ఎంతగానో మెచ్చుకొన్నాడు. ఇంగ్లండులో దీనిని అనుకరించడం సబబేనన్నాడు.

ఆ అనుకరణకు ఒక కథ ఉంది. మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర శరణాలయానికి 1789లో ఆండ్రూ బెల్ అనే ఆయన పర్యవేక్షకుడయ్యాడు. ఒక నాటుబడిలో పిల్లలు ఇసుకలో వ్రాయడం చూసి, తన బడిలోనూ ఆ పద్ధతి పెట్టమన్నాడు. అక్కడి ఉపాధ్యాయులకు అది నచ్చలేదు. అప్పుడు బెల్ పెద్ద పిల్లలనే ఉపాధ్యాయులుగా నియమించాడు. 1797లో ఆయన దీనిని గురించి లండనులో ఒక పుస్తకం ప్రకటించాడు. తరువాత ‘మద్రాసు పద్ధతి’ అనే పేరుతో అది ఇంగ్లండులోని బీదపిల్లల బడులలో వ్యాపించింది.

క్యాంబెల్ నివేదికలో మెప్పు మాత్రమే లేదు. జనం పేదలై పోతున్నారనీ, పిల్లల కాళ్ళు చేతులు కాస్త గట్టిపడగానే తల్లిదండ్రులు వారిని బడి మాన్పించి పనికి తీసుకుపోతున్నారనీ ఆయన బాధతో వ్రాశాడు. పిల్లలు వల్లెవేసే పద్యాల భాష వేరు, వారు ఇంట్లో మాట్లాడే భాష వేరు కావడంతో, చదివినదాని అర్థం వారికి తెలియడం లేదని కూడా గుర్తించాడు. ఈ రెండు చిక్కులూ రెండువందల ఏళ్ళ తరువాత కూడా పూర్తిగా తొలగిపోలేదు.

గౌరిబిదనూరు తాలూకాలో హోసూరు అనే గ్రామం ఉంది. 1920 జూన్ 6న ఆ ఊరిలో ఒక పేద కుటుంబంలో నరసింహయ్య అనే బాలుడు పుట్టాడు. ఊరిలో ఉన్నంత చదువు పూర్తి అయ్యాక, పై చదువు కోసం 1935లో బెంగళూరుకు బయలుదేరాడు. బండికి డబ్బు లేదు. డెబ్బై, ఎనభై కిలోమీటర్ల దారి నడిచే వెళ్ళాడు. అక్కడ నేషనల్ హైస్కూలులో చేరాడు. ఆ మరుసటి సంవత్సరం గాంధీమహాత్ముడు ఆ పాఠశాలకు వచ్చి హిందీలో మాట్లాడినప్పుడు, ఆ ప్రసంగాన్ని కన్నడంలోకి అనువదించినది ఈ బాలుడే. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్ళాడు. తరువాత అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో అణుభౌతికశాస్త్రంలో పరిశోధన చేసి డాక్టరు పట్టం పొందాడు. బెంగళూరు నేషనల్ కళాశాలకు ప్రిన్సిపాలుగా, బెంగళూరు విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన డాక్టర్ హెచ్. నరసింహయ్య గారు ఆయనే. 1984లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ బిరుదు ఇచ్చింది.

పదవులు ఎన్ని వచ్చినా ఆయన బంగళా కట్టుకోలేదు. నేషనల్ కళాశాల విద్యార్థి వసతిగృహంలో ఒక గదిలోనే ఉన్నారు. 2005లో మరణించేవరకు అదే ఆయన ఇల్లు. గౌరిబిదనూరు, బాగేపల్లి ఊళ్ళలో నేషనల్ కళాశాలలు రావడానికి ఆయనే కారకుడు. ఆ సీమ పిల్లలు తనలాగా అంత దూరం నడవవలసిన అవసరం ఆ తరువాత తగ్గింది. 1962లో ఆయన స్థాపించిన బెంగళూరు సైన్స్ ఫోరం వేదికపై బడిగంటలకు బయట, సామాన్య జనం ఎదుట, శాస్త్రవేత్తలు ఉపన్యాసాలు ఇచ్చేవారు. ఎవరైనా వెళ్ళి వినవచ్చు, ప్రశ్న అడగవచ్చు. దేనినైనా ప్రశ్నించి తెలుసుకోవాలి అన్నదే ఆయన పట్టు.

సాయంకాలపు బడిలో జరిగే ముఖ్యమైన పని కూడా ఇదే. తరగతిలో నలభైమంది మధ్య నోరు విప్పని పిల్ల, పదిమంది మధ్య చాపమీద కూర్చున్నప్పుడు, “అక్కా, ఈ మాటకు అర్థమేమి?” అని అడుగుతుంది. చెప్పేది పొరుగింటి అక్క. పదో తరగతో, ఇంటరో చదివినది. ఆమెకు పిల్లల ఇంటి భాష తెలుసు, బడి భాషా తెలుసు. ఆ రెంటికీ నడుమ ఉన్న సంకెను అక్కలు, అన్నలు ఇట్టే పట్టుకుంటారు. “ఉళిదవు ఎష్టు?” అని కన్నడ లెక్కల పుస్తకంలో ఉంటుంది. తీసివేత వచ్చిన పిల్లవాడు కూడా ఆ మాట దగ్గర ఆగిపోతాడు. “మిగిలినవి ఎన్ని?” అని అక్క చెప్పగానే లెక్క చేసేస్తాడు. అతనికి రానిది లెక్క కాదు, ఒక మాట.

తెలుగు, కన్నడ భాషల చుట్టరికం తెలిస్తే ఈ పని ఇంకా సులువవుతుంది. తెలుగులో మాట మొదట ఉన్న ‘ప’కారం కన్నడంలో చాలాచోట్ల ‘హ’కారం అయింది. పాలు అక్కడ హాలు, పులి హులి, పువ్వు హూవు, పంది హంది. నాలుగు మాటలు చూపితే అయిదవ మాటను పిల్లలే కనిపెడతారు. లిపుల సంగతి కూడా అంతే. ఈ రెండు లిపులూ చాలాకాలం ఒకటిగానే ఉండి తరువాత వేరుపడ్డాయి. అందువల్ల కన్నడ అక్షరాలు బాగా వచ్చిన పిల్లవాడు, తలకట్టులో, కొన్ని అక్షరాల వంపులో ఉన్న తేడాలు గమనిస్తే కొద్ది వారాలలోనే తెలుగు చదవగలడు. ఇంటి భాషలో చదవడం వచ్చిన పిల్లవాడికి కథల పుస్తకం ఆటవస్తువవుతుంది.

ఈ బడులలో పిల్లలను తరగతిని బట్టి కాక, వచ్చిన చదువును బట్టి కూర్చోబెట్టడం మంచి పద్ధతిగా తేలింది. అక్షరాలు రానివారు ఒక జట్టు, మాటలు చదివేవారు ఒక జట్టు, కథ చదివేవారు ఒక జట్టు. నాలుగో తరగతి పిల్లవాడు రెండో తరగతి పిల్లతో కలిసి కూర్చోవడానికి మొదట్లో సిగ్గుపడవచ్చు. రెండు నెలలలో జట్టు మారినప్పుడు ఆ సిగ్గు పోతుంది. 1995లో ముంబయిలో పుట్టిన ప్రథమ్ అనే సంస్థ ఈ పద్ధతిని దేశమంతటా ప్రచారం చేసింది. 2005, 2006 సంవత్సరాలలో ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో ఆ సంస్థ ఊరి యువకులకు నాలుగు రోజుల శిక్షణ ఇచ్చి, బడి వేళలు కాని సమయంలో చదువు శిబిరాలు నడిపించింది. తరువాతి కాలంలో, 2019లో, నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో తమ సహచరులతో కలిసి దాని ఫలితాలను పరీక్షించారు. ఒక్క అక్షరమూ రాకుండా శిబిరానికి వచ్చిన పిల్లలు కొద్ది నెలలకే అక్షరాలు గుర్తుపట్టసాగారు. శిక్షణ పొందిన ఉపాధ్యాయులు కాని యువకులు సాధించిన ఫలితమిది.

కాని అదే పరిశోధనలో మరొక సంగతి కూడా బయటపడింది. ఆ ఊళ్ళలోని పిల్లలలో శిబిరానికి వచ్చినవారు నూటికి ఎనిమిదిమందే. చదవడం బొత్తిగా రానివారిలో కూడా నూటికి పదముగ్గురే వచ్చారు. తలుపు తెరిచి ఉంచినంత మాత్రాన అవసరమున్నవారు లోపలికి రారు. రాని పిల్లవాడు ఎక్కడ ఉన్నాడో, ఏ పనిలో ఉన్నాడో కనుక్కోవడానికి ఇల్లిల్లూ తిరగవలసిందే. పాఠం చెప్పడం కంటె ఈ తిరుగుడే కష్టమైన పని.

2020 మార్చిలో మహమ్మారి వల్ల బడులు మూతపడినప్పుడు ఈ అవసరం అందరికీ కనిపించింది. కర్ణాటక ప్రభుత్వం ఆ సంవత్సరం ఆగస్టులో ‘విద్యాగమ’ పేరుతో ఉపాధ్యాయులనే ఊళ్ళలోకి పంపింది. చెట్టుకింద, గుడి ముంగిట, అరుగుల మీద పాఠాలు జరిగాయి. వ్యాధి భయంతో అక్టోబరులో దానిని ఆపవలసి వచ్చింది. తమిళనాడు ప్రభుత్వం 2021 అక్టోబరులో ‘ఇల్లం తేడి కల్వి’ మొదలుపెట్టింది. ‘ఇల్లు వెదుక్కుంటూ వచ్చే చదువు’ అని దాని అర్థం. ఒకటి నుండి ఎనిమిదవ తరగతి వరకు చదివే పిల్లలకు, వారి ఇంటి దగ్గరలోనే, ఊరివారు సాయంకాలం పూట పాఠాలు చెప్పారు. దాదాపు రెండు లక్షలమంది ఇందులో పనిచేశారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. బడులు మూతపడి పోగొట్టుకొన్న చదువులో తిరిగి సంపాదించుకొన్నదానిలో దాదాపు నాలుగోవంతు ఈ తరగతుల వల్లనే అని పరిశోధకులు లెక్కగట్టారు.

చిక్కబళ్ళాపురం సీమ ఊళ్ళకు అందుబాటులో ఉన్న వసతి గ్రామ పంచాయతీ గ్రంథాలయం. 2019లో కర్ణాటక ప్రభుత్వం ఈ గ్రంథాలయాలను గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ శాఖకు అప్పగించింది. 2020 నవంబరులో ‘ఓదువ బెళకు’, అంటే ‘చదువుల వెలుగు’, అనే కార్యక్రమం ద్వారా పిల్లలకు ఉచితంగా సభ్యత్వం ఇచ్చారు. దీపము, చాప, పుస్తకాలు ఒకేచోట ఉండడం ఒంటిగది ఇంటి పిల్లలకు చిన్న లాభం కాదు. సరిహద్దు ఊళ్ళలో కన్నడ పుస్తకాల పక్కన ఒక వరుస తెలుగు పుస్తకాలు కూడా ఉంటే ఇంకా బాగుంటుంది. ఆ వరుస కోసం ఊరివారు పంచాయతీని అడగవచ్చు.

ఆడపిల్లల విషయంలో వేళ ముఖ్యం. చీకటి పడితే తల్లులు పంపరు. అందుచేత తరగతి వారి వీధిలోనే, లేదా బంధువుల ఇంటి పంచలో జరిగితేనే వారు వస్తారు. చదువు చెప్పే అక్కకు పెళ్ళో, ఉద్యోగమో కుదిరితే బడి ఆగిపోయే ప్రమాదముంది. కనుక ముందే ఎనిమిదో, తొమ్మిదో తరగతి పిల్లలలో ఇద్దరిని ఆమె పక్కన కూర్చోబెట్టి పని నేర్పిస్తారు. వేరుశనగ పీకే రోజులలోనూ, పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచిన వారంలోనూ హాజరు పల్చబడుతుంది. ఆ రోజులలో తరగతిని రాత్రి భోజనాల తరువాతకు మార్చుకొని, గంటకు బదులు అరగంట నడుపుకుంటే పిల్లలు నిద్ర ఆపుకొని అయినా వస్తారు.