అమెరికాలో చిన్న ట్రక్కు ఏమైనది?

తెల్లవారకముందే టమాటా పెట్టెలను సంతకు చేరవేయు బండి ఏదియని అడిగినచో, మన పంచాయతి సభ్యులలో పెక్కుమంది టాటా ఏస్ అని చెప్పుదురు. 2005లో వచ్చిన ఆ చిన్న బండి మన ఊళ్ళ ఇరుకు వీధులకు సరిపోయినది. ఇట్టి అవసరము అమెరికా సంయుక్త రాష్ట్రములలోని రైతునకును, వడ్రంగికిని లేకపోలేదు. అయినను చిన్న ట్రక్కును కొత్తదిగా కొనదలచినవానికి నేడు అచట అది దొరకుట దుర్లభము. నలుబది ఏండ్ల క్రిందట అవి వీధివీధినా కనిపించెడివి.

కొనువారు లేకనే అవి పోయినవని పలువురు చెప్పుదురు. అది సగము మాత్రమే నిజమని మా అభిప్రాయము. మిగిలిన సగము రెండు ప్రభుత్వ నిబంధనలలో నున్నది. ఆ రెండును వేరే ఉద్దేశముతో చేయబడినవే. నిబంధనలు చేయు బాధ్యత గల సభ్యులు ఈ వృత్తాంతమును తెలిసికొనుట మంచిదని తలచి ఇచట వివరించుచున్నాము.

మొదటి నిబంధనకు మూలము కోడి. రెండవ ప్రపంచ యుద్ధానంతరము అమెరికాలో కోళ్ళను పెద్ద షెడ్లలో వేలకొలది పెంచు పద్ధతి వ్యాపించి, కోడిమాంసము చౌకయైనది. అది పశ్చిమ జర్మనీ మొదలగు దేశములకు విరివిగా ఎగుమతి కాసాగెను. తమ పెంపకందారులు నష్టపోవుచున్నారని ఐరోపా ఉమ్మడి విపణి దేశములు 1962లో దానిపై సుంకమును పెంచినవి. సంప్రదింపులు ఫలించలేదు. 1963 డిసెంబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ దానికి బదులుగా బంగాళాదుంప గంజిపిండి, డెక్‌స్ట్రిన్, బ్రాందీ, తేలిక ట్రక్కులు అను నాలుగు సరకులపై సుంకమును హెచ్చించెను. ట్రక్కులపై అది 25 శాతము. జర్మనీవారి వోక్స్‌వ్యాగన్ బండ్లకు తగులవలెనని వేసిన దెబ్బ యిది. కాని ఆ సుంకము జపాను ట్రక్కులకును వర్తించినది. తక్కిన మూడు సరకులపై సుంకము తరువాత తొలగినది. ట్రక్కు సుంకము అరువదేండ్లు దాటినను తొలగలేదు.

సుంకమున్నచోట ఉపాయమును ఉండును గదా! ముందుగదిని, చట్రమును మాత్రమే దిగుమతి చేసికొన్నచో సుంకము 4 శాతమే. ఫోర్డు, షెవర్లే కంపెనీలు జపానులో తయారైన చిన్న ట్రక్కులను ఇట్లే తెప్పించి, సామాను వేయు తొట్టిని అమెరికాలో బిగించి తమ పేర్లతో అమ్మినవి. ఈ సందు 1980లో మూయబడినది. సుబారు కంపెనీ తన బ్రాట్ అను బండి తొట్టిలో రెండు సీట్లు బిగించి, ఇది ట్రక్కు కాదు, ప్రయాణికుల బండి అని నిరూపించుకొనెను!

సుంకమొక్కటే చిన్న ట్రక్కును చంపినదనుట సరికాదు. అమెరికాలోనే తయారైన షెవర్లే ఎస్-10, ఫోర్డు రేంజర్ అను చిన్న ట్రక్కులు 1980 తరువాతి దశాబ్దములో బాగుగనే అమ్ముడుపోయినవి. నిస్సాన్ కంపెనీ 1983లో టెనెసీ రాష్ట్రమందు కర్మాగారము స్థాపించి ట్రక్కులను తయారుచేసినది. అయితే స్వదేశపు కంపెనీలు చిన్న ట్రక్కులపై ఆసక్తి వదలుకొన్ననాడు, ఆ ఖాళీని పూరింప బయటివారు చౌకగా రాజాలని స్థితిని ఆ సుంకము కల్పించినది.

ఇక రెండవది, ఇంధన నిబంధన. 1973 నాటి చమురు కొరత తరువాత, 1975లో ప్రతి కంపెనీ బండ్లును సగటున ఇంత మైలేజి ఇయ్యవలెనని శాసనము చేసిరి. ట్రక్కులు పనిముట్లు గనుక వాటికి కొంత సడలింపు ఉండెను. తరువాత ట్రక్కులకు కొత్త లెక్క వచ్చినది. 2008 నుండి ఐచ్ఛికముగను, 2011 నుండి తప్పనిసరిగను, నాలుగు చక్రముల నడుమనున్న వైశాల్యమును బట్టి మైలేజి లక్ష్యమును నిర్ణయించిరి. వైశాల్యము హెచ్చిన లక్ష్యము తగ్గును. కంపెనీలు లక్ష్యము కొరకు బండ్లను ప్రమాదకరముగా కుదింపరాదనియే ఈ ఏర్పాటు.

సభ్యులకు సులభముగా తెలియుటకు ఒక ఊహ చెప్పెదము. పెరడు ఎంత పెద్దదైన అంత ఎక్కువ మురుగునీరు వీధి కాలువలోనికి వదలవచ్చునని ఒక పంచాయతి తీర్మానించినదనుకొనుడు. నీరు తగ్గించుకొనుటకంటె ప్రహరీగోడను నాలుగడుగులు జరుపుట సులభమని తోచినవాడు ఏమి చేయును?

చిన్న చట్రముపై తొట్టి మోయు బండికి కఠిన లక్ష్యము అందుట కష్టము. దానిని పెంచినచో లక్ష్యమును తగ్గును, ధరయు, లాభమును పెరుగును. రేంజర్ తయారీ అమెరికాలో 2011లో ఆగిపోయినది. 2019లో ఆ పేరు మరల వచ్చినది గాని బండి పెద్దదైనది. 2025లో ఈ మైలేజి నిబంధనను మీరినవారిపై జరిమానాను సున్న చేసిరి. కాని కర్మాగారములును, కొనువారి అలవాటును ఒక్కనాట మారవు.

కొనువారి కోరికను కాదనలేము. ట్రక్కు అచట కుటుంబపు బండి యైనది. నాలుగు తలుపులు, వెనుక సీట్లు వచ్చి, సామాను చోటు తగ్గినది. నాలుగు తలుపుల ఫోర్డు ఎఫ్-150 పొడవు 19 అడుగులు దాటును. తరచుగా కనబడు దాని తొట్టి అయిదున్నర అడుగులే. జపానులో రైతులు వాడు కేయ్ ట్రక్కు మొత్తము పొడవు 3.4 మీటర్లు, అనగా 11 అడుగుల చిల్లర. తొట్టి మాత్రము ఆరడుగులకు మించును!

ఇది సొగసునకు సంబంధించిన మాట మాత్రమే కాదు. ముందుభాగము ఎత్తైన బండి పెద్దవాని తుంటికి పైగా తగులును. ఎదుట నిలిచిన చిన్నబిడ్డ డ్రైవరుకు కనబడకపోవచ్చును. ముందుభాగము 40 అంగుళములకు మించిన బండ్లు ఢీకొన్నచో పాదచారులు చనిపోవు అవకాశము, 30 అంగుళములకు మించక వాలుగానున్న బండ్లకంటె సుమారు 45 శాతము హెచ్చని అచటి రహదారి భద్రతా బీమా సంస్థ 2023లో తేల్చినది.

చిన్న ట్రక్కుపై కోరిక చావలేదనుటకు నిదర్శనములు కలవు. మెక్సికోలో తయారగుటచే ఆ కోడి సుంకము తగులని ఫోర్డు మావెరిక్ 2022 నమూనాకు ఎన్ని ఆర్డర్లు వచ్చినవనగా, ఆ జనవరిలోనే వాటిని తీసికొనుట ఆపవలసి వచ్చినది. అయినను అది 1983 నాటి రేంజర్‌కంటె రెండడుగులు పొడవు. అంతకంటె చిన్నది కావలసినవారు పాతికేండ్లు నిండిన జపాను కేయ్ ట్రక్కులను తెప్పించుకొనుచున్నారు; అంత పాతవైననే దిగుమతికి భద్రతా నిబంధనల మినహాయింపు గలదు. కొన్ని రాష్ట్రములు వాటిని రోడ్డెక్కనీయలేదు. టెక్సాస్ రాష్ట్రము 2024లో రిజిస్ట్రేషనుకు అనుమతించినది.